ఉతికి ఆరేసిన వేసవి

ఆ కుర్రాడు తెల్లటి చేతి తొడుగులు వేసుకుని
నా వంటింటి బల్ల మీద
ఇరవై ఏడో నంబరు చొక్కాను
పసిగుడ్డును పడుకోబెట్టినట్టు పరిచాడు.
"ఈ మరక అసలుదేనా, మిసెస్ రడోమ్‌స్కీ?"

నవ్వాగలేదు నాకు.
ఈ చేతులు దీన్ని ఆ వేసవిలో అరవైసార్లు పిండాయి నాయనా,
ఏ తొడుగులూ లేకుండా.

డెబ్బై ఆరో సంవత్సరం. ఈరీ సరస్సు గట్టు.
ఉక్కు ఫ్యాక్టరీలో అప్పటికింకా మూడు షిఫ్టులూ నడిచేవి.
మా బేస్‌బాల్ జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు.
కొంగను జన్మలో చూడని ఆసామి ఎవడో
వాళ్లకు నారింజ చొక్కాలు, ఆవపిండి రంగు ప్యాంట్లు,
మోకాళ్ల దాకా ఇటుకరంగు మేజోళ్లు కుట్టించాడు.
పాలియెస్టర్. చెమట పీల్చదు, చిరగదు,
మనుషులు పోయినా అది పోదు.

ఆ ఏడు లీగులో ప్రతి జట్టూ
మా వాళ్లను ఉతికి ఆరేసింది.
మిగిలిన ఉతుకుడు నాది.

మెషీన్లు గ్యాలరీ కింద, నేలమాళిగలో.
పైన అరచేతంత కిటికీ,
అందులోంచి లెఫ్ట్ ఫీల్డర్ పిక్కలు తప్ప ఏమీ కనిపించేవి కావు.
ఆట నేను చూడలేదు. చదివాను.
మోకాలికి ఎర్రమట్టి ఉంటే రెండో బేస్ దొంగిలించాడని,
మోచేతికి పచ్చిక పసరంటితే బంతి కోసం పడ్డాడని,
పెట్టిన ఇస్త్రీ పెట్టినట్టే ఉంటే
పాపం, ఎలీజియోను ఇవాళా బెంచీ మీదే కూర్చోబెట్టారని.
ఎలీజియో జుట్టు మీద టోపీ
గడ్డివాము మీద వాలిన పిట్టలా ఉండేది.

జేబులు తిరగేస్తే ఆ కాలమంతా రాలేది:
బబుల్‌గమ్ కార్డు మీద ఎవరివో చెంపమీసాలు,
డిస్కో హాలు చీటీ వెనక లిప్‌స్టిక్‌తో ఫోన్ నంబరు,
ఒకసారి ఇరవై ఏడో నంబరు జేబులో
మనసును బట్టి రంగు మారుతుందనే ఉంగరం.
వేడినీళ్లలో నలభై నిమిషాలు తిరిగి నల్లబడి వచ్చింది.
లూషియస్ ప్రూయిట్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి
"నా సంగతి దీనికి బాగానే తెలిసింది,
నువ్వే ఉంచుకో" అన్నాడు.

మీసాల రాత్రి కూడా గుర్తే. మీసముంటే టికెట్ సగం ధర.
మా అత్త స్టెఫానియా కనుబొమల పెన్సిల్‌తో
మెలి తిరిగిన మీసం దిద్దుకెళ్లింది. సబ్బుకు పోలేదు.
ఆదివారం నాలుక మీద సత్ప్రసాదం పెడుతూ
ఫాదర్ నవ్వాపుకోలేక దగ్గాడు.
పెళ్లిళ్లకు ఆర్గన్ వాయించే డూడెక్ గారు
ఆ వేళ్లతోనే స్టేడియంలో డిస్కో వాయిస్తుంటే
కింద నా మెషీన్లు తాళం వేసేవి.

"ఎన్ని రంగులో!" అంటావు, కళ్లు పెద్దవి చేసుకుని.
అవును. రంగుల మాటొచ్చింది కాబట్టి ఇదీ రాసుకో:
మా వీధిలో ప్రూయిట్‌కు అద్దెగది దొరకలేదు.
రాత్రి హోమ్‌రన్‌కు చప్పట్లు కొట్టిన చేతులే
తెల్లారి తలుపు సందులోంచి లేదు లేదని ఊగేవి.
ఆ ఊళ్లో అన్ని రంగులూ కలిసి తిరిగింది
నా మెషీన్‌లోనే.

ఆఖరి ఆట సెప్టెంబరులో.
జట్టును ఎత్తేస్తున్నారని అందరికీ తెలుసు.
తుంపర. గ్యాలరీలో రెండొందలమంది.
హోమ్ ప్లేటు మీదికి అతను బోర్లా జారాడని,
ఆ మట్టే ఈ మరకని
నువ్వు తెచ్చిన కాగితంలో అచ్చేశారు.

మట్టి ఆ రాత్రే పోయింది.
నా చేతిలో పోని మట్టి లేదు.
బోర్లించిన బకెట్ మీద బనీనుతో కూర్చున్నాడతను,
డ్రయ్యర్ ఆగేదాకా.
వెచ్చటి చొక్కా తొడుక్కున్నాడు.
నా ఫ్లాస్కులో బీట్‌రూట్ సూపు ఉంది.
ఇద్దరికీ ఒకటే మూత.
ఏదో అన్నాను, ఏమన్నానో ఇప్పుడు గుర్తు లేదు,
పడీ పడీ నవ్వాడు, ఒలికింది.

విప్పి ఇచ్చాడు, ఉతకమని.
ఉతకలేదు.

"అసలుదేనా?" కుర్రాడు మళ్లీ అడుగుతున్నాడు.
"అసలుదే" అన్నాను.
అతను ధర చెప్పడానికి గొంతు సవరించుకుంటుంటే
ఉంగరమున్న చేతిని
బల్ల కిందికి తీసుకున్నాను.